పాత తుపాకుల బేహారి ఫ్రాన్సిస్ బానర్‌మన్

యుద్ధము ముగియగానే గెలిచినవారు జయస్తంభములు నాటుదురు, ఓడినవారు పోయినవారిని లెక్కించుకొందురు. చరిత్రకారుడు సంధిపత్రము మీది తేదీని వ్రాసికొని మరియొక అధ్యాయమునకు తరలిపోవును. కాని నిన్నటివరకు లక్షలమంది చేతులలో ఉండిన తుపాకులు మరునాడు ఏమగును? ఈ ప్రశ్న చాలమందికి తోచదు. తోచినవారిలో దానిని జీవితవృత్తిగా చేసికొని, ఆ వృత్తితోనే ఒక కోటను కట్టించుకొన్నవాడు ఫ్రాన్సిస్ బానర్‌మన్. అమెరికాలో పాత సైనికాయుధములను సేకరించి, బాగుచేసి, భద్రపరచుకొను అలవాటు సామాన్య జనులలో ప్రబలుటకు అతని అంగడియే మొదటి గడపలలో ఒకటి.

బానర్‌మన్ 1851వ సంవత్సరము మార్చి 24వ తేదీన స్కాట్లండులోని డండీ పట్టణమున జన్మించినాడు. ఆ వంశమునకు ఆ పేరు వచ్చుటను గురించి ఇంటిలో ఒక కథ చెప్పుకొనెడివారు. 1314లో బానక్‌బర్న్ రణరంగమున తమ పూర్వుడొకడు తమ తెగ ధ్వజమును శత్రువుల చేత పడకుండ కాపాడినాడనియు, అందుకు మెచ్చి రాబర్ట్ బ్రూస్ మహారాజు ధ్వజధారి అను అర్థము గల ఆ బిరుదమును ప్రసాదించినాడనియు ఆ కథ. అందలి నిజానిజములు ఎట్లున్నను, పిల్లవాని మనసులో యుద్ధమన్నను, కోటలన్నను ఒక మమకారమును నాటుటకు ఆ కథ చాలినది. బాలునికి మూడేండ్ల ప్రాయమున, 1854లో, కుటుంబము సముద్రము దాటి అమెరికాకు వచ్చి, కొన్నాళ్ళకు న్యూయార్కు చెంతనున్న బ్రూక్లిన్‌లో స్థిరపడినది. అక్కడి నౌకాశ్రయమున నావికాదళము వేలము వేయు పాత సామానులను కొని అమ్ముట తండ్రి వ్యాపారము.

1861లో అమెరికా అంతర్యుద్ధము ఆరంభమైనది. తండ్రి ఉత్తరాది పక్షమున నౌకాదళములో చేరినాడు. పదేండ్ల ఫ్రాన్సిస్ బడి మాని సంసారభారమును నెత్తికెత్తుకొన్నాడు. ఉదయము ఓడలలోని అధికారులకు వార్తాపత్రికలు అమ్మెడివాడు. సాయంకాలము తండ్రి పడవలో నీటిమీదికి పోయి, ఒక ఇనుపకొక్కెమును త్రాటికి కట్టి అడుగున ఈడ్చెడివాడు. తెగిన గొలుసులు, త్రాళ్ళు, ఇనుపముక్కలు, ఏమి తగిలినను పైకి లాగి తుక్కు వర్తకులకు అమ్మి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చెడివాడు. ఇతరులు పనికిరాదని పారవైచినదానిలో విలువను వెదకుట అతనికి ఆ నీటియొద్దనే అలవడినది.

యుద్ధమునుండి తండ్రి ఆరోగ్యము చెడి తిరిగివచ్చినాడు. కుమారుడు మరల బడిలో చేరి చురుకైన విద్యార్థి అనిపించుకొన్నాడు. కార్నెల్ విశ్వవిద్యాలయమున చదువుకొనుటకు విద్యార్థివేతనము కూడ లభించినది. కాని తండ్రికి చేదోడు కావలసియుండుటచే ఆ అవకాశమును వదులుకొన్నాడు. చేజారిన ఆ చదువు పుస్తకములపైని మక్కువగా అతనిలో నిలిచిపోయినది. తరువాతి కాలమున అతడు ప్రకటించిన అంగడి కాటలాగులలో ధరల పట్టికల ప్రక్కనే చరిత్రపాఠము కనిపించుటకు ఇదియే కారణము కావచ్చును.

1865లో అంతర్యుద్ధము ముగిసినది. ఆ యుద్ధకాలమున సైనికుల చేతికి వచ్చిన 1861 నమూనా స్ప్రింగుఫీల్డు తుపాకులే సుమారు పది లక్షలు. ఇవి మూతినుండి మందు కూరి కాల్చు తుపాకులు. వెనుకనుండి తూటా పెట్టు కొత్త రైఫిళ్ళు వచ్చుటతో వీని కాలము చెల్లినది. ప్రభుత్వము వీనిని గుట్టలుగా వేలమునకు పెట్టినది. వేలమునకు వచ్చిన వర్తకులు వానిని తుపాకులుగా చూడలేదు, ఇనుముగాను ఇత్తడిగాను చూచినారు. కొయ్యను కాల్చి, గొట్టమును కరగించి, తూకమున అమ్ముటయే ఆనాటి పద్ధతి. ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే అను సామెత యువకుడైన బానర్‌మన్‌కు తెలియదు గాని, అందలి మర్మము తెలిసినది. కరగించిన ఇనుముకంటె నిలిచియున్న తుపాకికే ఎక్కువ ధర పలుకునని అతడు కనిపెట్టినాడు.

అయితే వేలములో వచ్చిన తుపాకి నేరుగా అంగడి కెక్కదు. వానలో తడిసినది, మట్టిలో పొర్లినది, కొయ్య పగిలినది, కీలు విరిగినది, ఇట్లు నూరు రకములు. పనివారు వానిని భాగములుగా విప్పి, త్రుప్పు వదలించి, ఒకదాని కీలును మరొకదాని గొట్టమునకు జతచేసి, కొయ్యకు నూనె పట్టించి, రెంటినో మూటినో కలిపి ఒక చక్కని తుపాకిగా నిలబెట్టుదురు. కొన్నిటి గొట్టములను లోపల తొలిచి నునుపు చేసి, రవ్వలు కాల్చు వేటతుపాకులుగా మార్చుదురు. రైతునకు కొద్ది డాలర్లకే పొలము కాచుకొను ఆయుధము దొరికినది. నాటకశాలలు, సైనికశిక్షణ గరపు పాఠశాలలు, వీరగాథలు చిత్రించు చిత్రకారులు, నగరోద్యానములలో పాత ఫిరంగిని నిలుపగోరు పురప్రముఖులు, అందరును ఈ అంగడికే రాసాగినారు.

1872లో బానర్‌మన్ యూరపునకు పోయి, ఐర్లండు ఉత్తరభాగమున హెలెన్ బాయిస్ అను కన్యను పెండ్లాడి తోడ్కొని వచ్చినాడు. పుత్రులు పెద్దవారై వ్యాపారమున తోడైనారు. అంగడి బ్రూక్లిన్ నుండి న్యూయార్కు బ్రాడ్వే వీథికి మారి, 1905లో ఆ వీథిలో 501వ సంఖ్య గల భవనమున కుదురుకొన్నది. అక్కడ మెట్లకు ఇరుప్రక్కల కవచములు, కత్తులు, జెండాలు, నగారాలు, జీనులు పేర్చబడియుండెడివి. అంతకన్న ప్రసిద్ధమైనది అతని కాటలాగు. ఏటేట పెరిగి, అది మూడువందల పుటలు దాటిన బొమ్మల గ్రంథమైనది. ఒక్కొక్క ఆయుధమునకు చిత్రము, పుట్టుక, వాడిన సైన్యము, చివరకు ధర. సైనిక వస్తువుల చరిత్రను వ్రాసిన గ్రంథములు అరుదుగా ఉండిన ఆ రోజులలో పల్లెటూళ్ళ కుర్రవాండ్రు దానిని కథల పుస్తకమువలె చదివెడివారు. నేడు ఆ కాటలాగులనే సేకరించి దాచుకొను వారున్నారు.

ఈ ప్రయాణములో దెబ్బలు తినకపోలేదు. 1890 ప్రాంతమున అతడు స్పెన్సరు కంపెనీ ఆస్తులను, పేటెంటు హక్కులను కొని, ముందుపట్టును వెనుకకు లాగి తిరిగి కాల్చు వేటతుపాకిని తయారుచేయ మొదలుపెట్టినాడు. 1893లో వించెస్టరు కంపెనీ అదే తీరు తుపాకిని విపణిలోనికి తెచ్చినది. తన హక్కును అతిక్రమించినారని 1894లో బానర్‌మన్ దావా వేసినాడు. వించెస్టరు పక్షమువారు యూరపునందలి పేటెంటు కార్యాలయముల దస్త్రములను గాలించి, అట్టి యంత్రమును ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో స్పెన్సరుకు ముందే ఊహించినవారున్నారని ఋజువు చేసినారు. బానర్‌మన్ ఓడిపోయినాడు. పాత వస్తువులకు జీవము పోయుటలో ఆరితేరినవానిని పాత కాగితములే ఓడించుట విధివైచిత్ర్యము.

అతని జీవితమున పెద్ద మలుపు 1898లో వచ్చినది. అమెరికా స్పెయినును ఓడించి, ఆ దేశపు సైన్యమునుండి మౌజరు రైఫిళ్ళను, రెమింగ్టన్ తుపాకులను, తూటాలను కుప్పలుగా పట్టుకొన్నది. ప్రభుత్వము అమ్మజూపిన ఆ సరకులో నూటికి తొంబదిపాళ్ళు బానర్‌మన్ ఒక్కడే కొన్నాడు. అందు తూటాలే సుమారు మూడు కోట్లు. ఇంత మందుగుండును నగరము నడుమ నిలువచేయుట క్షేమము కాదు. నిప్పురవ్వ ఒక్కటి చాలును, వీథి వీథియే ఎగిరిపోవును. ఊరికి దూరమున చోటు వెదకవలసినదైనది.

1900లో కుమారుడు డేవిడ్ హడ్సన్ నదిమీద పడవలో పోవుచు, న్యూయార్కునకు సుమారు 50 మైళ్ళ ఎగువన, తూర్పు ఒడ్డుకు వెయ్యి అడుగుల దూరమున ఒక రాతిద్వీపమును చూచినాడు. దాని పేరు పోలెపెల్. విస్తీర్ణము ఆరున్నర ఎకరములు. ఆ సంవత్సరమే బానర్‌మన్ దానిని కొని, 1901 నుండి కట్టడములు ఆరంభించినాడు. వానికి కావలసినవి గిడ్డంగులు మాత్రమే. కాని చిన్ననాటి స్కాట్లండు కోటలు కన్నులలో మెదలుచుండగా, వాస్తుశాస్త్రజ్ఞుల సాయము లేకయే తానే నమూనాలు గీసి, బురుజులతో, ఎత్తైన గోడలతో ఒక దుర్గమును లేపినాడు. కాంక్రీటునకు బలమిచ్చుటకు పాత బాయ్‌నెట్లను, తుపాకి గొట్టములను కూడ లోపల వేసినారని చెప్పుదురు. రైలులోను, ఓడలోను పోవువారికి కనబడునట్లు గోడమీద బానర్‌మన్ ద్వీపపు ఆయుధాగారమని పెద్ద అక్షరములు తీర్చినాడు. మెరకమీద వేసవి విడిదికై ఒక ఇల్లు కట్టుకొన్నాడు. ఆ రాళ్ళ నడుమ హెలెన్ పూలతోట పెంచినది.

ఆయుధముల వర్తకుడైన ఈ మనుష్యుడు దైవభక్తి గలవాడు. ఆదివారము చర్చికి పోవుట, పేద బాలుర క్షేమము విచారించుట అతని నియమములు. తూటాల గుట్టల నడుమ కూర్చుండి, లోకమున శాంతియుగమొకటి వచ్చునని అతడు నమ్మినాడు. తన ఆయుధ ప్రదర్శనశాలకు నశించిన కళల ప్రదర్శనశాల అను పేరు ఏనాటికైనను చెల్లవలెనని తన కాటలాగులోనే కోరుకొన్నాడు. అనగా యుద్ధవిద్య మనుష్యులు మరచిపోయిన విద్య కావలెనని అతని ఆశ. అయినను ఆ కాటలాగులోనే ఏ తుపాకి ఎంత దూరము కొట్టునో, వేయి కొన్నచో ధర ఎంత తగ్గునో చదువవచ్చును. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశముల సైన్యములకు పోయిన అతని సరకు గాజుబీరువాలలో నిలిచియుండలేదు. ఒక యుద్ధములో మిగిలిన తుపాకి మరొక యుద్ధమునకు చవుకైన ఆయుధమగుట ఈ వ్యాపారమునందలి అసలు చిక్కు. బానర్‌మన్ దానిని విప్పలేదు. శాంతిని కోరుటను, తుపాకిని అమ్ముటను రెంటిని చిత్తశుద్ధితోనే చేసినాడు.

సేకరణకారులకు అతనిపై మరొక అభియోగము కలదు. పాత సైనిక రైఫిలును కొని బాగుచేయు నేటి అభిరుచిగలవారు మొదట చూచునది భాగముల సంఖ్యలు ఒకదానితో ఒకటి సరిపోవుచున్నవా అని. కొయ్యమీద ఆనాటి తనిఖీ అధికారి వేసిన ముద్ర నిలిచియున్నదా అని తరువాత చూతురు. గరుకుకాగితముతో రుద్ది కొయ్యను మెరిపించినచో ఆ ముద్ర చెరిగిపోవును, దానితో తుపాకి చరిత్రయు పోవును. అందువలన మెల్లగా పాత జిడ్డు తీసి, త్రుప్పును మాత్రమే వదలించి, నూనె పట్టించి ఊరకుండుట ఉత్తమమని వారి మతము. బానర్‌మన్ పనివారికి ఇట్టి శంకలు లేవు. తెచ్చిన భాగములను కలిపి కూర్చిన తుపాకులు వేలకొలది అతని అంగడినుండి వెలువడినవి. వీనిని నేటి నిపుణులు అనుమానముతో త్రిప్పి త్రిప్పి చూతురు. ఆ అభియోగము న్యాయమైనదే. కాని అతడు కొనకున్నచో ఆ భాగములు ఏనాడో కొలిమిలో కరగియుండెడివి. అనుమానించుటకైనను తుపాకి మిగిలియుండెడిది కాదు.

మొదటి ప్రపంచయుద్ధము 1918 నవంబరు 11న ఆగినది. పదునైదు దినములకు, నవంబరు 26న, అరువదియేడవ యేట బానర్‌మన్ కన్నుమూసినాడు. లోకమున మునుపెన్నడును లేనంతటి ఆయుధరాశి మిగులుగా మారుచున్న క్షణముననే ఆ మిగులును లెక్కించుట నేర్చినవాడు వెళ్ళిపోయినాడు. కోటపని నడుమ ఆగిపోయినది.

1920 ఆగస్టులో ద్వీపమునందలి మందుకొట్టు ప్రేలి, భవనములో కొంతభాగమును కూల్చివేసినది. గోడముక్క ఎగిరి ఒడ్డుననున్న రైలుపట్టాలమీద పడినది. తరువాత ఆయుధముల అమ్మకమునకు చట్టములు బిగిసినవి. కుటుంబము సరకును క్రమముగా తరలించినది. చారిత్రక వస్తువులు కొన్ని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు చేరినవి. 1967లో న్యూయార్కు రాష్ట్రము ద్వీపమును కొన్నది. 1969 ఆగస్టు 8న అగ్నిప్రమాదము కప్పులను, అంతస్తులను దహించినది. 2009 డిసెంబరులో గోడలు కొన్ని కూలినవి. మిగిలిన గోడలకు నేడు ఊతకట్టెలు పెట్టి నిలుపుచున్నారు. వేసవిలో యాత్రికులు పడవలలో వచ్చి చూచిపోవుచున్నారు.

తుపాకులను శిథిలము కాకుండ కాపాడినవాని కోట శిథిలమైనది. అతడు తుక్కునుండి తప్పించిన ఫిరంగులు మాత్రము అమెరికా ఉద్యానములలో పిల్లలు ఎక్కి ఆడుకొను ఆటవస్తువులై నిలిచియున్నవి. వాని వరకైనను బానర్‌మన్ కోరిక తీరినట్లే. తక్కిన ఆయుధముల విషయమున ఆ కోరిక ఇంకను అట్లే మిగిలియున్నది.