మేజోడుకి మిగిలిపోయిన కుట్టు

వర్క్‌షాప్‌కి షూ లేకుండా రానివ్వరు కాబట్టి మనందరికీ మేజోళ్ళతో రోజూ పనే. రేపు వేసుకునే ముందు ఒకదాన్ని తిరగేసి చూడండి. పిక్క పొడవునా కుట్టు ఉండదు. మడమ దగ్గర అంత వంపు తిరిగినా అక్కడా కుట్టు ఉండదు. వేళ్ళ పైన మాత్రం అడ్డంగా చిన్న గట్టు లాంటిది చేతికి తగులుతుంది. చవక రకమైతే సాయంత్రానికి చిటికెన వేలి మీద దాని అచ్చు కూడా పడుతుంది. మంచి రకంలో ఎంత తడిమినా దొరకదు. మేజోడు అల్లే యంత్రం పుట్టాక, ఆ ఒక్క కుట్టుని వదిలించుకోవడానికి దాదాపు 400 ఏళ్ళు పట్టింది. ఆ యంత్రాన్ని మొదట చేసినవాడు విలియం లీ.

లీ 1563 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో పుట్టాడు. ఊరు కాల్వర్టన్. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్నాడు. తర్వాత సొంత ఊరి చర్చిలోనే పాదిరీగా ఉన్నాడని చెబుతారు. ఇంజినీరింగ్ అనే డిగ్రీయే లేని రోజులవి. ఇనుముతో పని కావాలంటే కమ్మరి దగ్గరికి వెళ్ళాల్సిందే.

అప్పట్లో ఆడామగా అందరూ పొడుగు మేజోళ్ళు వేసుకునేవాళ్ళు. వాటిని చేత్తో అల్లి అమ్ముకుని బతికే పేద కుటుంబాలు బోలెడు. బట్ట నేయాలంటే పడుగూ పేకా రెండూ కావాలి, మగ్గం కావాలి. అల్లికకి ఒక్క దారం, కొన్ని సూదులు చాలు. దారాన్ని లూపుగా చేసి ముందు వరసలోని లూపులోంచి బయటికి లాగుతారు. ఇలా ఒక్కొక్కటిగా వేల లూపులు. లీ ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడనీ, ఆమె ఎప్పుడు చూసినా అల్లికలోనే మునిగి ఉండి ఇతన్ని పట్టించుకోలేదనీ, ఆ ఉక్రోషంతో యంత్రం చేశాడనీ ఒక కథ ఉంది. కాదు, ఇల్లు గడవక భార్య రాత్రింబవళ్ళు అల్లుతుంటే చూడలేక చేశాడని ఇంకో కథ. ఏది నిజమైనా, రెండు కథల్లోనూ అతను ఒక ఆడమనిషి వేళ్ళ కదలికని శ్రద్ధగా చూశాడన్నది మాత్రం ఉంది.

1589లో యంత్రం తయారైంది. అతని ఆలోచన ఏంటంటే, లూపులు ఒక్కొక్కటిగా ఎందుకు, వరస మొత్తం ఒకేసారి వేస్తే పోలా అని. అందుకని ప్రతి లూపుకీ ఒక సూది పెట్టాడు. సూదులన్నీ దువ్వెన పళ్ళలా ఒకే వరసలో ఉంటాయి. ఒక్కో సూది కొస వెనక్కి వంగి, స్ప్రింగులా నొక్కితే మూసుకునే కొక్కెంలా ఉంటుంది. ముందు దారాన్ని సూదుల మీద అడ్డంగా పరుస్తారు. సూదుల మధ్యలోకి పలచటి రేకులు దిగి దారాన్ని నొక్కుతాయి. దాంతో వరస పొడవునా లూపులు ఏర్పడతాయి. అవి జరిగి కొక్కేల లోపలికి చేరతాయి. అప్పుడు ఒక కడ్డీ వచ్చి కొక్కేలన్నింటినీ ఒకేసారి మూసేస్తుంది. మూసిన కొక్కేల మీదుగా పాత లూపులు జారిపోతాయి. కొత్తవి వాటి లోపలి నుంచి వచ్చి సూదుల మీద నిలుస్తాయి. అంతే, ఒక వరస అయిపోయింది. చేతి వేగం నిమిషానికి 100 లూపులైతే, ఈ యంత్రం 600 దాకా వేసేదని అంటారు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. చేత్తో అల్లేవాళ్ళు నాలుగైదు సూదులు పట్టుకుని గుండ్రంగా తిప్పుకుంటూ అల్లుతారు. మేజోడు మొదటి నుంచీ గొట్టంలాగే వస్తుంది. వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి లూపులు తగ్గించుకుంటూ పోయి, చివరికి అదే దారంతో మూతి మూసేస్తారు. లీ సూదులు తిన్నటి వరసలో ఉన్నాయి కాబట్టి అతనికి వచ్చింది గొట్టం కాదు, చదును గుడ్డ. అంచుల్లో లూపులు తగ్గిస్తూ పెంచుతూ కాలి ఆకారం తేవచ్చు. కానీ ఆఖర్న దాన్ని మడిచి కుట్టాల్సిందే. అంటే లీ వేగాన్ని తీసుకుని గుండ్రాన్ని వదిలేసుకున్నాడు. డిజైన్ చేసిన ప్రతివాళ్ళకీ తెలిసిన బేరమే ఇది.

ఇక గుర్తింపు సంగతి. రాణి బంధువు హన్స్‌డన్ ప్రభువు అండతో లీ తన యంత్రాన్ని మొదటి ఎలిజబెత్ రాణికి చూపించాడు. పేటెంట్ వస్తుందని ఆశ. ఆ మొదటి యంత్రంలో అంగుళానికి 8 సూదులే. వచ్చేది మొరటు ఉన్ని మేజోడు. రాణికి అలవాటు పట్టు మేజోళ్ళు. ఆమెకి నచ్చలేదు. లీ వెనక్కి వెళ్ళి ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. 1598 నాటికి అంగుళానికి 20 సూదులు పెట్టి పట్టుతోనే అల్లి చూపించాడు. అయినా పేటెంట్ రాలేదు. అల్లికని నమ్ముకున్న పేద జనం నోటి దగ్గర కూడు పోతుందని రాణి భయపడిందని చెబుతారు. మనకిది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ ఆ జనం పక్క నుంచి చూస్తే అది నిజమైన భయమే.

1600లో జార్జ్ బ్రూక్ అనే పెద్దింటివాడు వ్యాపారంలో భాగస్వామిగా చేరాడు. కాస్త ఊపిరి పీల్చుకునేలోపే, 1603లో రాజద్రోహం కేసులో బ్రూక్ తల తీసేశారు. కొత్త రాజు మొదటి జేమ్స్ దగ్గరా పని జరగలేదు. చివరికి లీ తమ్ముడు జేమ్స్‌నీ, కొందరు పనివాళ్ళనీ, 9 యంత్రాలనీ వెంటబెట్టుకుని ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. రూయెన్ నగరంలో మకాం. నాలుగో హెన్రీ రాజు ఆదరిస్తాడన్న నమ్మకం. 1610లో ఆ రాజు హత్యకి గురయ్యాడు. ఆ తర్వాత లీకి అండగా నిలిచినవాళ్ళు లేరు. 1614 ప్రాంతంలో పారిస్‌లో చనిపోయాడు. చేతిలో డబ్బు లేదు.

తమ్ముడు చాలా యంత్రాల్ని ఇంగ్లండ్ తిరిగి తెచ్చాడు. ఆస్టన్ అనే పాత శిష్యుడు వాటిని బాగుచేసి మెరుగుపరిచాడు. మెల్లగా ఆ పనే నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఊళ్ళకి బతుకుతెరువైంది. 1657లో క్రామ్‌వెల్ వీళ్ళ సంఘానికి అధికార పత్రం ఇచ్చాడు. రాణి భయపడ్డట్టు చేతి అల్లిక తగ్గింది, కానీ యంత్రం దగ్గర కొత్త పనివాళ్ళు పుట్టుకొచ్చారు.

ఆ పనివాళ్ళ మనవల తరాలకే 1811లో మళ్ళీ గడ్డుకాలం వచ్చింది. కాల్వర్టన్‌కి దగ్గర్లోని ఆర్నాల్డ్ ఊళ్ళో యంత్రాలు పగలగొట్టారు. లడ్డైట్లు అంటే వీళ్ళే. యంత్రమంటేనే పడనివాళ్ళని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళు ఆ యంత్రాల మీదే బతికినవాళ్ళు. కూలి తగ్గించడం ఒక కోపం. వెడల్పు గుడ్డ అల్లి, దాన్ని మేజోడు ఆకారంలో కత్తిరించి కుట్టేసి చవగ్గా అమ్మడం ఇంకో కోపం. కత్తిరించిన అంచులో లూపులు జారి కుట్టు ఊడిపోయేది, చెడ్డపేరు అందరికీ వచ్చేది. లీ వదిలేసిన కుట్టు దగ్గరే గొడవ రగిలిందన్నమాట.

తర్వాత గుండ్రం తిరిగొచ్చింది. 1816లో బ్రూనెల్ వృత్తాకార అల్లిక యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1849లో లెస్టర్‌వాడు మాథ్యూ టౌన్సెండ్ చిన్న తలుపులాంటి నాలుకతో తనంతట తానే మూసుకునే సూదికి పేటెంట్ పొందాడు. సూదుల్ని సిలిండర్ చుట్టూ నిలబెడితే గొట్టం వస్తుంది. మడమ దగ్గర సగం సూదుల్ని ఆపి, మిగతా సగం మీద ముందుకీ వెనక్కీ అల్లుతూ, సూదులు తగ్గించి మళ్ళీ పెంచితే సంచిలా వంపు తిరుగుతుంది. వేళ్ళకీ అదే పద్ధతి. కానీ యంత్రం వదిలేసరికి వేళ్ళ దగ్గర నోరు తెరిచే ఉంటుంది. దాన్ని వేరే మిషన్ మీద కుట్టాలి, లేదా ఒక్కో లూపునీ ముళ్ళకి చేత్తో తగిలించి కలపాలి. కళ్ళు పోయే పని అది. గత కొన్ని దశాబ్దాల్లో వచ్చిన యంత్రాలు ఆఖరి వరస లూపులన్నింటినీ తామే అందుకుని, సగాన్ని మిగతా సగం మీదికి మడిచి, లూపుకి ఎదురు లూపు కలిపి మూసేస్తున్నాయి. గట్టు లేని మంచి మేజోడు అలా వస్తోంది.

లండన్‌లోని ఆ అల్లిక పనివాళ్ళ సంఘం ముద్ర మీద నేటికీ మధ్యలో లీ యంత్రం, ఒక పక్క పాదిరీ, ఇంకో పక్క అల్లిక సూది పట్టుకున్న స్త్రీ ఉంటారు. ఆమె చేతివేళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనిని యంత్రం పూర్తిగా నేర్చుకున్నది నిన్నమొన్ననే.