డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు
హార్వర్డు ప్రయోగశాలలో నొక సంవత్సరము

హిందూపురపు బజారులో బెల్లపు దిమ్మలను చూడని విద్యార్థి మనలో నుండడు. ఆ బెల్లపు ముక్క నోట వేసికొని పెనుకొండ దుర్గము నెక్కు బాలుని కాళ్లకు బలమెక్కడినుండి వచ్చుచున్నది? తీపి పదార్థము దేహమున కరగి శక్తిగా మారునని పాఠములలో చదివియున్నాము. అది నిజమే. కాని అడుగెత్తవలెనని మెదడు తలచి, ఆ యాజ్ఞ నాడిగుండ కండరమును చేరిన మరుక్షణముననే కాలు కదలుచున్నది గదా! తీపి కరగుటకు వ్యవధి లేని యా తొలి క్షణమున కండరమునకు కావలసిన శక్తి నిచ్చున దేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకి కనుగొన్నవారిలో నొకరు మన తెలుగువారు. వారి జీవితమును, అందును ముఖ్యముగా అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో వారు గడపిన యొక సంవత్సరమును గూర్చి యిచ్చట వ్రాయుచున్నాను.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. రాజమహేంద్రవరమున చదువుచుండగా కుటుంబమునకు కష్టదినములు వచ్చెను. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండుసారులు తప్పి, మూడవసారి చెన్నపట్టణమున హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. ఈ సంగతి వ్రాసినందుకు మా యుపాధ్యాయులలో కొందరు నన్ను మందలింతురేమో! పరీక్ష తప్పినవారందరు సుబ్బారావులు కాజాలరనుట నిజమే. అయినను జరిగిన దానిని దాచుట యెట్లు?

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. అవి స్వదేశోద్యమపు దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు వస్త్రము ధరించి వెళ్లగా ఆచార్యు డొకడు కోపించెను. పరీక్షలు చక్కగా వ్రాసినను తుదకు వారికి దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. సర్కారు వైద్యోద్యోగము దొరకలేదు. డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి. ఇంతకుముందే వారి సోదరులిద్దరు సంగ్రహణి జాతికి చెందిన స్ప్రూ యను వ్యాధిచే స్వల్పకాలవ్యవధిలో మరణించిరి. ఆ వ్యాధికి అప్పుడు మందు లేదు. ఈ దుఃఖము వారి నెన్నడును విడిచినట్లు కానరాదు.

మామగారు సమకూర్చిన ధనముతోడను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ మాట యిచ్చిన సాయముతోడను ఓడ యెక్కి, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరము చేరిరి. చేతిలో ధనము కొద్ది. మన దేశపు వైద్యపట్టముతో అచ్చట వైద్యము చేయుటకు వీలు లేదు. కావున ఉష్ణదేశవ్యాధులను గూర్చి చదువుచునే, ఒక వైద్యశాలలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచు కూలిపని చేసిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిరి. వారికి జనించిన కుమారుడు తండ్రి కంట బడకయే శైశవమున గతించెను.

తరువాత హార్వర్డు వైద్యవిద్యాలయపు జీవరసాయనశాఖలో, సైరస్ ఫిస్కె యను నాచార్యునివద్ద పరిశోధనకు చేరిరి. అచ్చట వారికి మొదట లభించిన పని పైకి చూచుటకు మిక్కిలి చిన్నది: రక్తమునందును, మూత్రమునందును, కండరమునందును ఫాస్ఫరస్ ఎంత యున్నదో త్వరగా కొలుచు మార్గమును కనిపెట్టుట. పరీక్షింపవలసిన ద్రవమున మాలిబ్డేటు కలిపిన ఆమ్లము పోసి, దానికి మరియొక ద్రవ్యమును చేర్చినయెడల నీలివర్ణము పుట్టును. ఫాస్ఫేటు ఎక్కువగా నున్నకొలది నీలము చిక్కనగును. ధర్మవరమున పట్టునూలుకు రంగు వేయువారు మచ్చునూలును ప్రక్కన నుంచుకొని, క్రొత్తగా ముంచిన నూలును దానితో సరిచూతురు గదా. అట్లే వీరును ఫాస్ఫేటు పరిమాణము తెలిసిన ద్రవపు నీలముతో పరీక్షాద్రవపు నీలమును వర్ణమాపకయంత్రమున సరిచూచెడివారు. ఈ పద్ధతి 1925లో ప్రకటింపబడెను. దానికి ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యనియే పేరు.

తరువాత వచ్చినదే నేను చెప్పదలచిన సంవత్సరము. కండరపు రసమును ఈ పద్ధతిచే పరీక్షించుచుండగా నొక చిక్కు తోచెను. సామాన్య ఫాస్ఫేటు ద్రవమున నీలము కొలదినిముషములలో తేలి నిలిచిపోవును. కండరపు రసమున నట్లు కాలేదు. రంగు మొదట మందముగా తేలి, తరువాత నిలువక, క్షణక్షణమునకు చిక్కనగుచునే యుండెను. ఇప్పుడు చూచిన కొలత కొంతసేపటికి తప్పగును. ఆ తప్పు మరికొంతసేపటికి ఇంకను పెరుగును. పని త్వరగా ముగియవలెనను తొందర గలవాడు దీనిని యంత్రదోషమనియో, మందు పాడైనదనియో తలచి, ఆ ద్రవమును పారబోసి మరల మొదలిడును. నేనైన నట్లే చేసియుందును. ఈ పరిశోధకులు మాత్రము పారబోయలేదు. రంగు నిలువకుండుటకు కారణము ద్రవములోనే యుండవలెనని వారు తలచిరి.

ఆ కారణ మేమన, కండరమున ఫాస్ఫేటు కొంత విడిగాను, కొంత వేరొక పదార్థముతో మిక్కిలి బలహీనముగా ముడివడియు నున్నది. పరీక్షకై పోసిన యామ్లమే యా ముడిని కొంచెము కొంచెముగా విప్పుచున్నది. విడివడిన ఫాస్ఫేటు నీలమునకు వచ్చి చేరుచున్నది. వెనుకటి పద్ధతులు ఆలస్యముగా పనిచేయునవి. అందుచే కొలత పూర్తియగునప్పటికే ముడి విడిపోయి, రెండును ఒక్కటిగా లెక్కకు వచ్చెడివి. సుబ్బారావుగారి పద్ధతి వేగవంతమైనది కనుకనే రహస్యము బయటపడెను.

మరి యా ముడివడిన రెండవ పదార్థమేది? దానిని పట్టుట కష్టము. కండరమును కోసిన వెంటనే ముడి విడనారంభించును. కావున పిల్లి కండరమును తీసి, వెంటనే చల్లబరచి, చల్లని యామ్లమున నూరి, నిముషములు లెక్కించుకొనుచు పని జరుపవలసివచ్చెను. ఇట్లు విడివడిన ఫాస్ఫేటుకు సరిసమానమైన పాలున దొరకినది క్రియేటిను. ఇది కండరమున విశేషముగా నున్నదని వైద్యులకు చిరకాలముగా తెలిసినదే గాని, దాని ప్రయోజన మెవరికిని తెలిసియుండలేదు. విద్యుత్తుచే సంకోచింపజేసిన కండరమున ఈ సంయోగము తరిగిపోవుటయు, విశ్రాంతి నిచ్చినచో మరల కూడుకొనుటయు వారు చూచిరి. ఈ విషయము 1927 ఏప్రిల్ నెలలో సైన్సు పత్రికయందు వెలువడెను. ఇంచుమించు ఆ కాలముననే లండనులో ఎగిల్టను దంపతులు కప్ప కండరమున ఇట్టిదానినే కని ఫాస్ఫాజెన్ అని పేరిడిరి. అది క్రియేటినుతో కూడిన ఫాస్ఫేటని తేల్చినవారు ఫిస్కె, సుబ్బారావుగారలు.

ఇది యెంత సాహసమో తెలియవలెనన్న అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకమును ఎరుగవలెను. కండరము పనిచేయుటకు లాక్టికు ఆమ్లము పుట్టుటయే మూలమని పండితులు తలచుచుండిరి. కండరశాస్త్రమున చేసిన కృషికి హిల్, మైయర్‌హోఫ్ అను మహనీయులకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. అట్టి మతమునకు నీలిరంగు సీసాతో ఎదురు నిలిచినవాడు, కొలది సంవత్సరములకు ముందు మలపాత్రలు కడిగినవాడు. 1930లో డెన్మార్కు దేశమున లుండ్స్‌గార్డు ఆ యామ్లము పుట్టకుండ చేసిన కండరము సహితము ముడుచుకొనునని చూపుటతో పాతమతము కూలిపోయెను.

1929లో ఫిస్కె, సుబ్బారావుగారలు కండరమునుండి ఏ.టి.పి. యను మరియొక పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఆ యేడే దానిని స్వతంత్రముగా కనుగొనెను. ఏ.టి.పి. చేతిలోని చిల్లర; ఫాస్ఫోక్రియేటిను ఆ చిల్లరను వెంటనే నింపు చిన్న సంచి. దుర్గము మెట్లపై పరుగెత్తు బాలునికి ఆ సంచి కొలది క్షణములు మాత్రమే వచ్చును. ఆపైన బెల్లపు వంతు. మెదడునందును ఈ యేర్పాటే కలదు. దేహపు బరువులో నూటికి 2 వంతులు మాత్రమే యుండు మెదడు, విశ్రాంతివేళ దేహము వెచ్చించు శక్తిలో ఇంచుమించు 20 వంతులు తానే వాడుకొనును. నేడు అయస్కాంతయంత్రములచే బ్రతికియున్న మనుష్యుని మెదడును కోయకుండగనే అందలి ఫాస్ఫోక్రియేటినును కొలుచుచున్నారు.

సుబ్బారావుగారికి 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చెను. హార్వర్డున స్థిరమైన యాచార్యపదవి మాత్రము రాలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్‌రివరులోని లెడర్లీ ప్రయోగశాలకు పోయి పరిశోధనలకు నాయకులైరి. అచ్చట వారి బృందము 1945లో ఫోలికు ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. కొలదికాలములోనే దానిచే స్ప్రూ రోగులకు గుణము కలుగుట వైద్యులు చూచిరి. సోదరులు పోయిన చాలయేండ్లకు మందు దొరకినది! ఆ ఫోలికు ఆమ్లమే గర్భస్థశిశువు మెదడును వెన్నుపామును సరిగా ఏర్పడుటకును అవసరమని తరువాత తేలెను. 1991లో బ్రిటనువారు ప్రకటించిన పరీక్షలో, ముం దొకసారి ఇట్టి లోపముగల బిడ్డను మోసిన తల్లులు దానిని పుచ్చుకొన్నందున ఆ లోపము మరల వచ్చుట నూటికి 72 వంతులు తగ్గెను. బోదకాలు రోగమునకు వాడు హెట్రజాను, 1947లో బోస్టను వైద్యుడు ఫార్బరు రక్తపు కేన్సరుగల బిడ్డలకిచ్చిన అమినోప్టెరిను, డగ్గరు పండితుడు కనుగొన్న ఆరియోమైసిను, ఇవియన్నియు ఆ ప్రయోగశాలనుండి వచ్చినవే.

1948 ఆగస్టున సుబ్బారావుగారు నిద్రలోనే గుండె యాగి గతించిరి. వయస్సు 53 సంవత్సరములు. 1922లో విడిచిన స్వదేశమును మరల చూడలేదు. శేషగిరిగారును వారిని మరల చూడలేదు. 1953లో ఒక క్రొత్త బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని వారి పేరిడిరి. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారతప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను.