మారుమనువు, మనోవర్తి, బాబాసాహెబ్

మన వాడల్లో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. మొగుడితో పొసగకపోతే కుల పెద్దల ముందు పంచాయతీ పెడతారు. ఇచ్చిపుచ్చుకున్నవి లెక్క చూసుకుని తెగతెంపులు చేసుకుంటారు. ఆమెకు ఇష్టమైతే మారుమనువు. ఆ పంచాయతీలు ఆడవాళ్లకు ఎప్పుడూ న్యాయమే చేశాయని చెప్పలేం. కానీ బయటపడే దారంటూ ఒకటి ఉండేది. ధర్మశాస్త్రాలు మాత్రం దాన్ని కింది కులాల అలవాటుగా చిన్నచూపు చూశాయి. ఆ అలవాటునే దేశ చట్టసభ ముందు సాక్ష్యంగా నిలబెట్టినవాడు డాక్టర్ అంబేద్కర్.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. 1906లో రమాబాయితో పెళ్లి జరిగేనాటికి ఆయనకు పదిహేనేళ్లు, ఆమెకు తొమ్మిది. పెళ్లికీ కులానికీ ఉన్న ముడిని ఆయన చదువుకునే రోజుల్లోనే పట్టుకున్నారు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో, కులం నిలబడేది సొంత కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న నియమం మీదనే అని చూపించారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఆ నియమాన్ని కాపాడే పనిముట్లని వివరించారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఉద్యమానికి నాయకుడూ ఆయనే. ఇరవై ఏళ్ల తర్వాత స్వతంత్ర భారత తొలి న్యాయశాఖ మంత్రిగా ఆయన చేతికి హిందూ కోడ్ బిల్లు వచ్చింది.

బిల్లు ఆయన మొదలుపెట్టింది కాదు. 1941లో వేసిన బి.ఎన్. రావు కమిటీ నుంచి నడుస్తూ వచ్చింది. 1948 ఏప్రిల్‌లో దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపాలని కోరుతూ ఆయన సభకు అంశాలన్నీ విడమరచి చెప్పారు. విడాకులకు ఏడు కారణాలు: వదిలేసి పోవడం, మతం మారడం, ఉంపుడుగత్తెను పెట్టుకోవడం లేదా ఉంపుడుగత్తెగా మారడం, నయంకాని మతిభ్రమణం, తీవ్రమైన కుష్ఠు, అంటుకునే సుఖవ్యాధి, క్రూరత్వం. పాత హిందూ చట్టంలో భార్యకు మనోవర్తి కావాలంటే మామూలుగా భర్త ఇంట్లో పడి ఉండాల్సిందే. 1946లో వచ్చిన ఒక చట్టం ఆ ముడిని కొంత వదులు చేసింది. క్రూరత్వం వల్లనో, వదిలేసినందువల్లనో, మరొకామెను పెట్టుకున్నందువల్లనో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి హక్కును ఆయన ఈ బిల్లులోనూ నిలిపారు. కూతురికి ఆస్తిలో వాటా సంగతి సరేసరి.

ఇక అల్లరి మొదలైంది. 1949 డిసెంబరులో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ఆర్‌ఎస్‌ఎస్ సభ పెట్టింది. బ్రాహ్మణుల వ్యవహారంలో అంటరానివాడికి పనేమిటన్న ధోరణిలో స్వామి కర్పాత్రి ఊరూరా ప్రసంగించాడు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ సైతం బిల్లుకు అడ్డు నిలిచారు. సభలో ఆయనకు తోడుగా నిలిచినవాళ్లలో మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి ఒకరు. ఎనిమిదేళ్లకే పెళ్లయి, పదిహేనేళ్లకే ఆ పెళ్లిని వదిలి బయటికొచ్చిన మనిషికి ఆ బిల్లు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

పెళ్లి విడరాని సంస్కారమని వాదించినవాళ్లకు అంబేద్కర్ ఇచ్చిన జవాబు లెక్కల్లో ఉంది. హిందువుల్లో అత్యధికులు శూద్రులు. వాళ్లలో విడాకుల ఆచారం ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి కొత్తగా వచ్చేదేమీ లేదు. కొద్దిమంది పై కులాల నియమాన్ని అందరి నెత్తిన రుద్దడం ఏం న్యాయమన్నది ఆయన ప్రశ్న. రాష్ట్రాలు కూడా అప్పటికే కదిలాయి. బొంబాయిలో 1947లో, మద్రాసులో 1949లో విడాకుల చట్టాలు వచ్చాయి. మద్రాసు చట్టం కింద మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి.

1951 సెప్టెంబరులో నెహ్రూ బిల్లును ముక్కలు చేసి, ముందు పెళ్లి-విడాకుల భాగం తేల్చుదామన్నారు. నాలుగు క్లాజులు దాటగానే అదీ ఆపేశారు. సెప్టెంబరు 27న అంబేద్కర్ రాజీనామా రాశారు. ఇదొక్కటే కారణమని మనవాళ్లు రాస్తుంటారు, అది సరికాదు. షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యం, విదేశాంగ విధానం, తనకు ఇస్తానన్న ప్రణాళికా శాఖ ఇవ్వకపోవడం కూడా ఆయన చెప్పుకున్నారు. అయితే చివరిదాకా ఓర్చుకుని ఆగింది మాత్రం ఈ బిల్లు కోసమే. అక్టోబరులో సభలో రాజీనామా ప్రకటన చదవబోతే, ముందు కాపీ చూపించమన్నారు. ఆయన లేచి బయటికి నడిచారు. 1952లో లోక్‌సభ ఎన్నికల్లో ఓడి, రాజ్యసభకు వెళ్లారు.

ఆయన కళ్ల ముందే బిల్లు ముక్కలు ముక్కలుగా చట్టమైంది. హిందూ వివాహ చట్టం 1955 మే 18న వచ్చింది. విడాకులు, కేసు నడుస్తుండగా ఖర్చులు, శాశ్వత భరణం అందులో చేరాయి. పరస్పర అంగీకారంతో విడిపోవడం 1976 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 29వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను అలాగే ఉంచింది. మనవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఆ ఆచారం ఉందని రుజువు చేసే భారం చెప్పుకునేవాళ్ల మీదే పడుతుంది. పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని, కాగితం లేకుండా మారుమనువు చేసుకున్న ఆడమనిషి మనోవర్తి కోసం కోర్టుకెక్కితే, మొదటి పెళ్లే రద్దు కాలేదు, నువ్వు నా భార్యవే కావని రెండో మొగుడు వాదించగలడు. అందుకే పంచాయతీ తీర్మానం రాతలో ఉండాలి, సంతకాలుండాలి, సాక్షుల పేర్లుండాలి. వీలైతే కోర్టు డిక్రీయే తెచ్చుకోవాలి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం తీసుకున్నారు. హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది కాబట్టి, హిందూ మతం విడిచినా తాను మొదట పోరాడిన ఆ చట్టం పరిధిలోనే ఉన్నారు. డిసెంబరు 6న కన్నుమూశారు. విడిగా ఉండే భార్యకు మనోవర్తి ఇచ్చే హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది అదే నెల 21న, ఆయన పోయిన పదిహేను రోజులకు.