గుణాఢ్య కవి

భేతాళుని పేరు వినని తెలుగు బాలుడు ఉండడు. అర్ధరాత్రము, శ్మశానము, చెట్టుకొమ్మకు వ్రేలాడు శవము, దానిని భుజముపై వేసికొని మౌనముగా నడచు రాజు, ఆ శవములో దాగి కథ చెప్పు భేతాళుడు. ఈ చిత్రమును తలంచుకొన్నంతనే ఒక వంక భయము, మఱియొక వంక తరువాత ఏమగునో యను ఆతురత కలుగును. 1947లో వెలసిన చందమామ పత్రిక అనేక దశాబ్దముల పాటు ఈ చట్రములోనే క్రొత్త కథలను బిగించి ప్రకటించినది. ఆ కథల పుట్టినిల్లు ఎచటనని వెదకుచు పోయిన వారికి తుదకు ఎదురగు పేరు గుణాఢ్యుడు.

గుణాఢ్యుని జీవితము మనకు కథారూపముననే లభించినది. ఆయన గ్రంథమును తరువాతి కవులు తిరిగి వ్రాయునపుడు పీఠికగా ఆ వృత్తాంతమును చేర్చిరి. అందు దేవతలు, శాపములు, పిశాచములు ఉన్నవి. అంతమాత్రమున దానిని కట్టుకథయని త్రోసివేయరాదు. ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలో పాత ఇటుకల దిబ్బలను జనులు విరాటరాజు దిబ్బలనియు, అచటి మడుగును కీచకగుండమనియు తరతరములుగా చెప్పుకొనిరి. త్రవ్విచూడగా బౌద్ధుల మహాస్తూపము, విహారములు బయటపడినవి. జనులు చెప్పిన పేరు వేఱు, దొరికినది వేఱు. కాని ఆ దిబ్బలలో గొప్ప విషయమేదో దాగియున్నదని వారు ఎఱిగిన మాట నిజము. గుణాఢ్యుని కథయు అట్టిదే.

శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానము. నేడు మహారాష్ట్రమున పైఠాను అని పిలువబడు ఆ పట్టణము గోదావరి యొడ్డున నున్నది. పైఠానును ఒరసికొని వచ్చిన నీరే పెక్కు ఆమడలు సాగి, అడవుల నడుమగా భద్రాచలము ముంగిట ప్రవహించును. గుణాఢ్యుడు ఆ ప్రతిష్ఠాన ప్రాంతమున పుట్టెను. తల్లి శ్రుతార్థ బ్రాహ్మణ కన్య. తండ్రి కీర్తిసేనుడు నాగజాతి వాడు. బాల్యముననే తల్లిని, మేనమామలను కోల్పోయి, ఒంటరిగా దక్షిణాపథమునకు పోయి సకల విద్యలు నేర్చెను. తిరిగివచ్చి శాతవాహన రాజు కొలువులో మంత్రియయ్యెను.

ఒక వసంతకాలమున రాజు రాణులతో జలక్రీడ లాడుచుండెను. అలసిన రాణి యొకతె, ఇక నీటితో కొట్టవలదని సంస్కృతమున వేడుకొనెను. ఆమె పలికిన రెండు మాటలు సంధి కలియగా మోదకములతో అను అర్థము కూడ స్ఫురించుచుండెను. వ్యాకరణ మెఱుగని రాజు వెంటనే పళ్ళెరముల నిండ మోదకములు తెప్పించెను. రాణి పకపక నవ్వెను, పరిచారికలును నవ్విరి. రాజు సిగ్గుచే తల వంచుకొని మందిరమునకు పోయి, అన్నము ముట్టక, ఎవరితోను పలుకక పడియుండెను. మన విద్యార్థులును ఈ ఘట్టము విని నవ్వుదురు గాని, సంధులు అడిగిన పరీక్షనాడు వారిలో పెక్కుమంది గతియు రాజు గతియే.

రాజు సంస్కృతము నేర్వదలచెను. వ్యాకరణమునకు 12 ఏండ్లు పట్టుననియు, తాను 6 ఏండ్లలో నేర్పగలననియు గుణాఢ్యుడు చెప్పెను. శర్వవర్మ యను మఱియొక మంత్రి, 6 మాసములు చాలుననెను. అది అసాధ్యమని గుణాఢ్యుని నమ్మకము. మాటకు మాట పెరిగి, శర్వవర్మ గెలిచినచో సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను మూడింటిని విడిచెదనని ఆయన నిండుకొలువున ప్రతిజ్ఞ చేసెను. శర్వవర్మ కుమారస్వామిని ఆరాధించి సులభమైన వ్యాకరణము నొకదానిని పొంది, 6 మాసములలో రాజును పండితుని చేసెను. ఆ గ్రంథము కల్పితము కాదు. కాతంత్రమను పేర అది నేటికిని ఉన్నది. వంగ, కాశ్మీర దేశములలో చిరకాలము బాలురకు పాఠముగా నుండినది.

గుణాఢ్యుడు ఆడిన మాట తప్పలేదు. మూడు భాషలు విడిచిన మంత్రికి రాజసభలో చేయు పని యేమున్నది? ఇద్దఱు శిష్యులను వెంటబెట్టుకొని, నోరు మెదపక, వింధ్యాటవికి వెడలిపోయెను. జీవితమంతయు మాటనే నమ్ముకొన్నవానికి మాటయే కఱవయ్యెను. విద్వాంసునకు ఇంతకంటె పెద్ద శిక్ష నేనెఱుగను.

ఆ అడవిలో పిశాచములు తమలో తాము మాటలాడుకొనుచుండగా విని, ఆయన నాల్గవ భాషను నేర్చుకొనెను. దాని పేరు పైశాచి. ఆ భాష నిజముగా నుండినది. వరరుచి పేర నున్న ప్రాకృత వ్యాకరణమున దానికి సూత్రము లున్నవి. దయ్యములకు వ్యాకరణ మెవరు వ్రాయుదురు? అది మనుష్యుల భాషయే. తమకు తెలియని మాట పలుకు వారిని నగరవాసులు పిశాచములనిరని పెక్కుమంది పండితుల తలంపు. నేలకొండపల్లి దాటి తూర్పుగా పోయినకొలది అడవి చిక్కనగును. భద్రాచల ప్రాంతమున కోయలు తమ భాషను మాటలాడుదురు. అది చిరకాలము వ్రాతకెక్కలేదు గాని, అందు కథలకును పాటలకును లోటు లేదు. సంతలో ఆ మాట విని పరిహసించు వారిని చూచినపుడెల్ల నాకు గుణాఢ్యుడు జ్ఞప్తికి వచ్చును. ఆయన పరిహసింపలేదు, కూర్చుండి విన్నాడు.

కాణభూతి యను పిశాచము ఆయనకు ఏడు మహాకథలు చెప్పెను. పూర్వము శివుడు పార్వతికి చెప్పిన కథలే అవి. గుణాఢ్యుడు 7 ఏండ్లు శ్రమించి వానిని 7 లక్షల శ్లోకములుగా పైశాచిలో వ్రాసెను. అడవిలో సిరా దొరకలేదు. తన నెత్తుటితోనే వ్రాసెను. ఆ గ్రంథమే బృహత్కథ.

శిష్యులు ఆ పత్రములను మోసికొని శాతవాహనుని కడకు పోయిరి. రాజు ఇప్పుడు వ్యాకరణ పండితుడు కదా! భాష పైశాచి, వ్రాత నెత్తురు. ఇట్టిదానిని నేను ముట్టుదునా యని త్రోసిపుచ్చెను. లోన నున్న కథ ఎట్టిదో చూడనైన లేదు.

ఆ వార్త విని గుణాఢ్యుడు సమీపముననున్న కొండపై అగ్నిగుండము చేసెను. ఒక్కొక్క పత్రమును మృగములకును పక్షులకును చదివి వినిపించి, నిప్పులో వేయజొచ్చెను. లేళ్ళు, అడవిపందులు, దున్నలు మేత మఱచి చుట్టును చేరి కన్నీరు కార్చుచు వినుచుండెను. శిష్యులు ఏడ్చుచు చూచుచుండిరి. వారికి మిక్కిలి ప్రీతియైన నరవాహనదత్తుని కథ, 1 లక్ష శ్లోకములు, వారి కొఱకు మాత్రము ఆయన మిగిల్చెను. తక్కిన 6 లక్షలు బూడిదయైనవి.

ఇంతలో రాజునకు జబ్బు చేసెను. సారము లేని మాంసము తినుటచే కలిగినదని వైద్యులు చెప్పిరి. వంటవారు వేటగాండ్రను నిందించిరి. అడవిలో ఒక బ్రాహ్మణుడు చదువుచుండగా జంతువులు మేయుట మానినవనియు, అందుచే వాని మాంసము ఎండిపోయినదనియు వేటగాండ్రు విన్నవించిరి. రాజు పరుగున పోయెను. జడలు కట్టిన తలతో గుణాఢ్యుడు అగ్ని యెదుట కూర్చుండియుండెను. రాజు పాదములపై పడి వేడుకొనగా, మిగిలిన లక్ష ఆయన చేతి కిచ్చెను. పిమ్మట యోగముచే దేహము విడిచెను.

ఆ లక్షయు కాలక్రమమున నశించినది. కాని 6, 7 శతాబ్దుల నాటి సుబంధుడు, బాణుడు, దండి మొదలగు కవులు బృహత్కథను పేర్కొనిరి. దూరముననున్న కంబోడియాలో సుమారు 875 నాటి శాసనమున గుణాఢ్యుని పేరు చెక్కబడినది. బుధస్వామి ఆ కథను సంస్కృత శ్లోకములలో కూర్చెను. 11వ శతాబ్దిలో కాశ్మీరమున క్షేమేంద్రుడు బృహత్కథామంజరిని, సోమదేవుడు రాణి సూర్యమతి వినోదము కొఱకు కథాసరిత్సాగరమును రచించిరి. సోమదేవుని గ్రంథము 20 వేల శ్లోకములకు మించినది. భేతాళ కథలు ఈ కాశ్మీర కవుల కూర్పులలో నున్నవి. బుధస్వామి కూర్పున లేవు. కావున అవి గుణాఢ్యుని కలము నుండియే వెలువడినవని గట్టిగా చెప్పుటకు వీలులేదు. అయినను సోమదేవుడు ఆ భేతాళుని మోసిన రాజును ఎచ్చటి వానిగా చెప్పెనో గమనింపుడు. గోదావరీ తీరమునందలి ప్రతిష్ఠానపు రాజు!

ఈ కథలలో వింతలన్నియు అడవులలోనే జరుగవు. ఉజ్జయిని, పాటలీపుత్రముల వీథులలోనే జూదరులు, వర్తకులు, దొంగల నడుమ మంత్రగాండ్రు తిరుగుదురు. మేడల మీదుగా విద్యాధరులు ఎగిరిపోవుదురు. ఊరి చివరి శ్మశానము మొదలు రాజవీథి వఱకు ఏ చోటును నిర్భయము కాదు. పాశ్చాత్యులకును ఇట్టి రచన లనిన ప్రీతి. భేతాళ కథలలో కొన్నింటిని బర్టను అను ఆంగ్లేయుడు 1870లో తన భాషలో వెలువరించెను. 1897లో ఐర్లండు దేశీయుడగు బ్రాం స్టోకరు, నెత్తురు త్రాగు డ్రాకులా కథను ప్రకటించెను. అందలి ట్రాన్సిల్వేనియా కొండలను స్టోకరు కన్నులార చూడలేదు. గ్రంథములు చదివి ఊహించెను. అదియు ఒక మార్గమే. గుణాఢ్యునిది చెవినిచ్చి వినిన మార్గము.

12వ శతాబ్దిలో గుజరాతున హేమచంద్రుడను జైన పండితుడు ప్రాకృత వ్యాకరణము వ్రాయుచు, పైశాచి సూత్రములకు ఉదాహరణములుగా కొన్ని చిన్న వాక్యములను చేర్చెను. అవి బృహత్కథ నుండి తీసికొనినవై యుండునని కొందఱు విద్వాంసుల యభిప్రాయము. అదే నిజమైనచో, వ్యాకరణ వివాదమున ఓడి అడవి పాలైన కవి స్వంత పలుకులు నేటికి మిగిలినవి ఒక వ్యాకరణ గ్రంథములోనే.