బంతి లేని ముప్పై ఆరు నిమిషాలు

ముందే చెప్పేస్తున్నా, ఇది బాస్కెట్‌బాల్ ఆడేవాడు ఒక ఫుట్‌బాల్ కోచ్ గురించి రాస్తున్న వ్యాసం. సంబంధం ఏంటని అప్పుడే అడక్కండి. నాలుగు పేరాలు ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

నేనుండేది అశోక్‌నగర్‌లో, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మా అన్నయ్య రూంలో. పొద్దున కాలేజీ బస్సు, సాయంత్రం నారాయణగూడ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్, పరీక్షలు దగ్గర పడితే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. నా ప్రపంచం మొత్తం ఈ త్రిభుజంలోనే. కిందటి సెమిస్టర్‌లో మా కాలేజీ టీంలో చోటు దొరికింది. మొదటి మ్యాచ్‌లో 14 పాయింట్లు, రెండో మ్యాచ్‌లో 11 కొట్టా. మూడో మ్యాచ్‌కి నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు.

ఒళ్ళు మండిపోయింది. టీంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు నావే కదా! ఆ రాత్రి మా సీనియర్ అన్న ఒకడు ఫోన్లో తీసిన మ్యాచ్ వీడియో పంపి, బంతిని చూడకుండా నన్ను మాత్రమే చూసుకోమన్నాడు. చూశా. బంతి నా చేతిలో ఉన్నంతసేపు బాగానే ఉంది. అది పక్కవాడికి వెళ్ళగానే నడుం మీద చేతులు పెట్టుకుని, సిటీ బస్సు కోసం ఎదురుచూసేవాడిలా నిలబడిపోతున్నా. లేదంటే చేతులూపుతూ నాకివ్వు నాకివ్వు అని అరుస్తున్నా. నన్ను కాపలా కాయాల్సినవాడు హాయిగా నన్ను వదిలేసి మా వాళ్ళ దారికి అడ్డం పడుతున్నాడు. అంటే నేను నిలబడ్డ ప్రతిసారీ మా టీం నలుగురు, వాళ్ళు ఐదుగురు.

ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క. మ్యాచ్ 40 నిమిషాలు. కోర్టులో పది మంది, బంతి ఒక్కటే. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 4 నిమిషాలు. మిగతా 36 నిమిషాలు మన చేతిలో బంతి ఉండదు. నేను ఇన్నేళ్ళూ ఆ 4 నిమిషాలకే ప్రాక్టీస్ చేశానన్నమాట.

కోర్టు దగ్గరికి రోజూ మనవణ్ణి తీసుకొచ్చే పెద్దాయన ఒకరున్నారు. మేమంతా తాతగారూ అనే పిలుస్తాం. నా మొహం చూసి సంగతి కనుక్కున్నారు. ఈ జబ్బు తమ చిన్నప్పుడు హైదరాబాద్ ఫుట్‌బాల్ కుర్రాళ్ళకీ ఉండేదని, దానికి మందు రహీం సాబ్ దగ్గర దొరికేదని అన్నారు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా గుర్తొచ్చి, అజయ్ దేవ్‌గణ్ వేసిన పాత్రే కదా అన్నాను. సినిమా సంగతి పక్కనపెట్టి, ఆయన పెట్టిన డ్రిబ్లింగ్ లేని పోటీల గురించి తెలుసుకోమన్నారు. ఆ మాట పట్టుకుని వెతికితే దొరికిన జీవితం ఇది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి ఆడారు. పొట్టకూటికి మాత్రం బడిపంతులు ఉద్యోగం. ఆయన పనిచేసిన బడుల్లో కాచిగూడ మిడిల్ స్కూల్ ఒకటి, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఇంకొకటి. నారాయణగూడ నుంచి కాచిగూడ ఎంత దూరం చెప్పండి? మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళిపోవచ్చు. దేశానికి ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చిన మనిషి మన పక్క వీధుల్లో చాక్‌పీస్ పట్టుకుని తిరిగాడని ఇన్నాళ్ళూ నాకు తెలీదు.

తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి ఆయనే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు రాజ్యమేలే రోజుల్లో మన పోలీసుల జట్టు చేసిన పని అది.

మరి ఆయన ఏం నేర్పారు? ఆ రోజుల్లో మన దగ్గర ఫుట్‌బాల్ అంటే బంతి దొరికినవాడు ఇద్దర్ని ముగ్గుర్ని తప్పించుకుని వెళ్ళడం, జనం ఈలలు వేయడం. రహీం సాబ్ కుర్రాళ్ళకి డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే ఇచ్చెయ్యాలి. వాటంలేని కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు.

పైకి చూస్తే ఇది పాస్ నేర్పే నియమంలా ఉంటుంది. కాస్త ఆలోచిస్తే అసలు పని వేరేచోట జరుగుతోంది. డ్రిబుల్ లేకపోతే బంతి ఉన్నవాడు నిస్సహాయుడు. కదల్లేడు. కాబట్టి కదలాల్సింది మిగతావాళ్ళు. వాడికి కనపడే చోటికి ఎవడో ఒకడు పరిగెత్తాలి. ఇంకొకడు అవతలి జట్టువాణ్ణి తనతో లాక్కుపోయి ఖాళీ చెయ్యాలి. పాస్ ఇచ్చినవాడు కూడా మెచ్చుకుంటూ నిలబడకుండా కొత్త చోటికి పోవాలి. బంతి ఉన్నవాడి చేతులు కట్టేసి, లేనివాళ్ళ కాళ్ళు విప్పారన్నమాట.

నాకు ఇక్కడే బుర్ర తిరిగింది. ఎందుకంటే మన బాస్కెట్‌బాల్ పుట్టిందే ఇలా. 1891లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట తయారుచేసినప్పుడు, మొదటి 13 నియమాల్లో డ్రిబుల్ ఊసే లేదు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, పట్టుకున్నచోటి నుంచే విసరాలి. డ్రిబుల్ తర్వాత వచ్చి చేరింది. అంటే రహీం సాబ్ ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి పెట్టిన నియమం మా ఆటకి పుట్టుకతోనే ఉంది. నేనేమో వైఎంసీఏ కోర్టులోనే రోజూ నిలబడి దాన్ని మర్చిపోయా.

ఆయన కళ్ళు కూడా బంతి లేని చోటే వెతికేవేమో. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం అనే కుర్రాడిలో ఆట చూశారు. ప్రాక్టీస్‌కి అంతదూరం రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిల్‌కి రహీం సాబే డబ్బులిచ్చేవారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ రెండింట్లోనూ దేశానికి ఆడాడు.

భారత జట్టు కోచ్‌గా ఆయన మొదటి పెద్ద గెలుపు 1951లో. ఢిల్లీలో జరిగిన తొలి ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్ మీద 1-0. ఆ మరుసటి ఏడే నేల మీద పడ్డారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. చలిదేశంలో మనవాళ్ళు కొందరు బూట్లు కూడా లేకుండా ఆడారు. పది గోల్స్ తిన్న కోచ్ మళ్ళీ తలెత్తుకోవడం కష్టం. ఆయన మాత్రం ఆ ఓటమిని పాఠంలా చదువుకున్నారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఇద్దరు డిఫెండర్ల పాత పద్ధతి మారింది.

నాలుగేళ్ళకి, 1956 మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన దేశానికి అదే అత్యుత్తమ స్థానం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు. ఆ జట్టుతో రోమ్ వెళ్ళినవాళ్ళలో రహీం గారి సొంత కొడుకు హకీం కూడా ఉన్నాడు. ఒక్క మ్యాచ్‌లో కూడా మైదానంలోకి దిగలేదు. బెంచ్ మీద కూర్చున్నందుకు వారం రోజులు అన్నం సరిగ్గా తినని నేను, ఈ ముక్క చదివి కాసేపు ఏమీ అనలేకపోయా.

ఇక 1962 జకార్తా. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగోలేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. ఆట బయట కూడా గొడవే. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆతిథ్య దేశం ఆ ఆటలకి రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మనవాళ్ళ మీద మండిపడుతున్నారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని విశ్రాంతి తీసుకోమనేవారు. రహీం సాబ్ అతన్ని తీసుకెళ్ళి ముందు వరసలో ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, అందులో ఒకటి జర్నైల్‌ది. ఫైనల్ మళ్ళీ కొరియాతోనే, సెప్టెంబర్ 4న. ముందు రోజు రాత్రి ఆయన కుర్రాళ్ళని పిలిచి, తనకి ఒక కానుక కావాలని, అది బంగారు పతకమని అడిగారట. లక్షమంది దాకా జనం గేలి చేస్తుండగా పి.కె. బెనర్జీ ఒకటి, తలకి కట్టుతో జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. కానుక చేతికొచ్చింది.

ఆ తర్వాత ఏడాది కూడా గడవలేదు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 53. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి ఆ తర్వాత బంగారం రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి మనం మళ్ళీ అర్హతే సాధించలేదు.

స్కోరుబోర్డుల్లో మేవాలాల్, నెవిల్, పి.కె., జర్నైల్ పేర్లుంటాయి. రహీం పేరు ఒక్క గోల్ పక్కనా ఉండదు. కోచ్ అంటే ఆటంతా బంతి లేని మనిషే కదా.

ఇది చదివాక ఒక ఆదివారం మా గ్యాంగ్‌ని ఒప్పించి, కోర్టులో గంటసేపు డ్రిబుల్ లేకుండా ఆడించా. మొదటి పది నిమిషాలు నవ్వులాట. బంతి పట్టుకున్నవాడు దిష్టిబొమ్మలా నిలబడటం, మిగతావాళ్ళు వాడి మొహం చూడటం. మెల్లగా కాళ్ళు కదిలాయి. నేను గమనించినవి మూడు. ఒకటి, నన్ను కాసేవాడు బంతి వైపు తల తిప్పిన క్షణమే నేను వాడి వెనకనుంచి బుట్ట కిందికి దూరాలి. రెండు, రెండడుగులు అటు వెళ్ళినట్టు చేసి ఇటు రావాలి, లేకపోతే వాడు వదలడు. మూడు, స్క్రీన్ వేసినప్పుడు స్తంభంలా కదలకుండా దెబ్బ కాచుకోవాలి.

చివర్లో ఒకసారి నేను బుట్ట కిందికి గట్టిగా దూసుకెళ్ళా. ఇద్దరు నా వెంటపడ్డారు. బంతి నాకు రాలేదు. వాళ్ళు వదిలేసిన ఖాళీలోకి మావాడొకడు వచ్చి తీరిగ్గా వేసేశాడు. అందరూ వాడి భుజం తట్టారు. నన్నెవరూ చూడలేదు. గట్టు మీద కూర్చున్న తాతగారు మాత్రం నా వైపు చూసి తలాడించారు.

టీంలో చోటు మళ్ళీ వస్తుందో లేదో తెలీదు. వచ్చే నెల సెలెక్షన్స్. ప్రస్తుతానికి బెంచ్ మీదే ఉన్నా, కాకపోతే ఇప్పుడు బంతి లేనివాళ్ళని చూస్తున్నా. మీలో ఎవరికైనా సరదా ఉంటే ఆదివారం పొద్దున ఆరింటికి నారాయణగూడ వచ్చేయండి. షూస్ తెచ్చుకోండి. నియమం ఒక్కటే, డ్రిబుల్ చెయ్యకూడదు.