విల్బర్ రైటు

బందరు చేరువనున్న మంగినపూడి తీరమున నిలిచి సముద్రపుగాలిలో గాలిపటము నెగురవేసిన బాలుడు, దారము తన చేతి నెంత బలముగ లాగునో యెరుగును. ఆ గాలియందు మనుష్యుని మోయగల శక్తి యున్నదని నమ్మి, తన చేతులతోనే రెక్కలు కట్టుకొన్న విల్బర్ రైటు చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట యుక్తము.

ఇతడు 1867వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి మిల్టన్ రైటు క్రైస్తవ సంఘమున బిషప్పు. తల్లి సుసాను పనిముట్లు పట్టుటలో నేర్పరి. పిల్లల ఆటవస్తువులను తానే చేసి యిచ్చెడిది. 1878లో తండ్రి వెదురు, బెండు, కాగితములతో చేయబడి రబ్బరు మెలికచే నెగురు బొమ్మ నొకదానిని తెచ్చి, విల్బరునకును తమ్ముడగు ఆర్విల్లునకును ఇచ్చెను.

విల్బరు చదువున దిట్ట. యేల్ విద్యాలయమునకు పంపవలెనని యింటివారు తలంచుచుండిరి. కాని పదునెనిమిదేండ్ల ప్రాయమున మంచుపై ఆడుచుండగా కర్రదెబ్బ తగిలి ముందరిపండ్లు ఊడిపోయెను. దేహమునందు నమ్మకము పోయి, అతడు ఇల్లు కదలక, క్షయరోగముతో మంచముపట్టిన తల్లికి పరిచర్య చేయుచు కొన్నియేండ్లు గడపెను. 1889లో ఆమె మరణించెను. 1892లో అన్నదమ్ములు డేటన్ పట్టణమున సైకిలు దుకాణము పెట్టిరి. పట్టమేదియు అతని చేతికి రాలేదు.

1896లో జర్మనీ దేశస్థుడగు ఒట్టో లిలియెంతాలు తాను కట్టిన రెక్కలతో గాలిలో తేలుచు పడి మరణించెను. ఆ వార్త విల్బరు మనసున నాటుకొనెను. 1899 మే 30వ తేదీన స్మిత్సోనియన్ సంస్థకు జాబు వ్రాసి గ్రంథములు తెప్పించుకొనెను. సైకిలు ట్యూబు వచ్చిన ఖాళీపెట్టెను చేతులతో మెలిపెట్టుచుండగా, రెక్కల కొనలను నట్లే మెలిపెట్టినచో యంత్రమును అదుపులో నుంచవచ్చునని తోచెను. ఆ వేసవియందే ఐదడుగుల గాలిపటము కట్టి దానిని పరీక్షించెను.

1900 సెప్టెంబరులో కిట్టీహాక్ అను ఇసుకదిబ్బల గ్రామమునకు బయలుదేరెను. రెక్కకు 18 అడుగుల స్ప్రూసు వాసములు కావలసియుండెను. దారిలో నార్ఫోకునను దొరకలేదు. 16 అడుగుల పైను వాసములు కొని రెక్కనే కుదించెను. తరువాత శిథిలమైన తెరచాపపడవలో గాలివానకు చిక్కి, చెల్లెలు కట్టియిచ్చిన పండ్లపాకమే తిని గ్రామము చేరెను. దివిసీమ పాయలలో పడవ నడుపువారు ఆ కష్టము నూహింపగలరు. రెక్క చిన్నదైనందున, బస యిచ్చిన టేటువారి కుట్టుమిషనుపై బట్టను తానే మరల కుట్టెను. ఆ యంత్రమునకైన ఖర్చు సుమారు 15 డాలర్లు. పని ముగిసి విడిచిపోగా, ఆ యింటి ఇల్లాలు రెక్కల బట్టతో కూతుండ్రకు గౌనులు కుట్టెను.

1901లో కట్టిన పెద్దరెక్కలు లెక్క ప్రకారము పైకి లేవలేదు. మన జీవితకాలమున ఇది సాధ్యము కాదని విల్బరు నిరాశ చెందెను. కాని పని మానలేదు. పెద్దలు అంగీకరించిన లెక్కలనే శంకించి, ఆరడుగుల కర్రపెట్టెలో గాలి వీచునట్లు చేసి, సైకిలు చువ్వలు, రంపపు బద్దలతో త్రాసు కూర్చి, సుమారు 200 రెక్కల నమూనాలను సోదరులిద్దరును పరీక్షించిరి. 1902లో రెక్కలు చెప్పినట్లు వినెను. దుకాణపు పనివాడగు చార్లీ టేలరు ఆరువారములలో ఇంజను చేసి యిచ్చెను.

1903 డిసెంబరు 14న మొదటిపాలు విల్బరునకు వచ్చెను. ముక్కు మిక్కిలి పైకెత్తుటచే యంత్రము కూలి కొంత విరిగెను. బాగుచేసి 17న మరల యత్నించిరి. ఆర్విల్లు 12 సెకండ్లలో 120 అడుగులును, మధ్యాహ్నమున విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులును ఎగిరిరి. 1908లో విల్బరు ఫ్రాన్సునందు ఎగిరి చూపగా లోకము నమ్మెను.

1912 మే 30న సన్నిపాతజ్వరముచే నలువదియైదవ యేట అతడు మృతినొందెను. తొలి జాబు వ్రాసిన దినమునకు సరిగా పదుమూడేండ్లు నిండెను.

గుడివాడలోను బందరులోను సైకిళ్లు బాగుచేయు దుకాణములను మనము నిత్యమును చూచుచున్నాము. అట్టిచోటనే ఈ పని మొదలయ్యెను. బాలురారా, కావలసిన కర్ర దొరకనపుడు విల్బరు రెక్కను కుదించెనేగాని యత్నమును కుదింపలేదని జ్ఞాపకముంచుకొనుడు.