కుదుళ్ళు బాగుపడితేనే జుట్టు – మేడం సి.జె. వాకర్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి గురించి అక్కలు ఇంతకు ముందే బాగా రాశారు. ఈసారి మేము మన దేశం కాని ఒకావిడ గురించి రాయాలనుకున్నాం. ఆమె పెద్ద చదువులు చదవలేదు, పుస్తకాలు రాయలేదు. బట్టలుతికి బతికిన మనిషి. జుట్టు ఊడి మాడు కనిపించే స్థితికి వచ్చి, మళ్ళీ ఆ జుట్టును నిలబెట్టుకున్న మనిషి. తన జుట్టుతో ఆగకుండా వేలమంది ఆడవాళ్ళకు ఆ పని నేర్పి, వాళ్ళ చేతికి సొంత సంపాదన అందించిన మనిషి. ఆమే మేడం సి.జె. వాకర్.

జుట్టు కూడా ఒక విషయమేనా అని బయటివాళ్ళు నవ్వవచ్చు. హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఆ నవ్వు రాదు. ఆదివారం పొద్దున బోరు నీళ్ళ దగ్గర బకెట్ల వరుస, ఒక షాంపూ ప్యాకెట్ ఇద్దరు పంచుకోవడం, అది కూడా లేని రోజు బట్టల సబ్బుతో తల రుద్దుకోవడం, ఒకే దువ్వెన నలుగురి తలల్లో తిరగడం మనందరికీ తెలిసినవే. సెలవులకు ఇంటికి వెళితే అమ్మ జడ చేతిలోకి తీసుకుని, పోయినసారికి ఇప్పటికి సగమైందే అని బాధపడుతుంది. క్లాసులో ఎవరో ఒకరు మీ జుట్లే అంత అంటారు. ఆ మాట గుచ్చుకుంటుంది. అది నిజం కాదని చెప్పడానికి మేడం వాకర్ జీవితాన్ని మించిన ఉదాహరణ మాకు కనిపించలేదు.

బానిసల ఇంట పుట్టిన స్వేచ్ఛా బిడ్డ

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబర్ 23న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, డెల్టా అనే ఊరి దగ్గర పత్తి తోటలో పుట్టింది. తల్లి మినర్వా, తండ్రి ఓవెన్. ఇద్దరూ ఆ తోట యజమానికి బానిసలుగా ఉన్నవాళ్ళే. బానిసల విమోచన ప్రకటన 1863లో వచ్చింది, అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అందువల్ల ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ సారా. మన ఫూలే గారు 1873లో గులాంగిరి పుస్తకం రాసి, బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చారు. అప్పటికి సారాకు ఐదేళ్ళు. చట్టం ప్రకారం బానిసత్వం పోయినా ఆ ఇంటి దరిద్రం మాత్రం పోలేదు.

ఏడేళ్ళు వచ్చేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయారు. సారా తన అక్క లువీనియా పంచన చేరింది. తర్వాత వాళ్ళు మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌కు వెళ్ళారు. సారా పదేళ్ళ వయసులోనే ఇళ్ళల్లో పనికి కుదిరింది. చర్చిలో ఆదివారం పూట చెప్పే పాఠాల్లో అక్షరాలు నేర్చుకోవడం తప్ప ఆమెకు చదువు లేదు. అదంతా కలిపితే మూడు నెలలు. బావ పెట్టే బాధలు పడలేక 14 ఏళ్ళకే మోజెస్ మెక్‌విలియమ్స్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. 1887లో భర్త చనిపోయాడు. ఇరవై ఏళ్ళకే చంకలో రెండేళ్ళ పిల్లతో సారా ఒంటరిదైపోయింది.

సెయింట్ లూయిస్ నగరంలో ఆమె అన్నలు మంగలి పని చేసుకుంటూ ఉండేవారు. పిల్లను తీసుకుని అక్కడికి చేరింది. సుమారు 18 ఏళ్ళు బట్టలుతికే పనే ఆమెకు జీవనాధారం. రోజంతా ఉతికితే ఒక డాలరు, మహా అయితే డాలరున్నర వచ్చేది. ఆ డబ్బులోనే కూడబెట్టి కూతుర్ని నాక్స్‌విల్ కాలేజీకి పంపింది. తనకు దొరకని చదువు కూతురికైనా అందాలన్న పట్టుదల అది. మన ఇళ్ళల్లో ఇలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు.

జుట్టు ఎందుకు ఊడింది

1890ల్లో సారా జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైంది. మాడు పొరలు లేచేది, దురద పెట్టేది. అప్పట్లో ఈ బాధ ఆమె ఒక్కదానిదే కాదు. పేద నల్లజాతి స్త్రీలలో చాలామందికి ఇదే సమస్య. అలాంటి జుట్టు నల్లజాతి రక్తంలోనే ఉందని తెల్లవాళ్ళు చెప్పేవారు. నమ్మేవాళ్ళు నమ్మేవారు.

అసలు కారణాలు వేరే. ఇళ్ళల్లో కుళాయిలు లేవు. తల స్నానం వారాల తరబడి వాయిదా పడేది. స్నానం చేసినప్పుడు వాడే సబ్బులో క్షారం ఎక్కువ, అది మాడును కాల్చేది. తిండిలో బలం లేదు. జబ్బులు ఎక్కువ, మనసుకు నెమ్మది లేదు. ఈ కారణాలన్నీ కలిసి తలమీద పని చేశాయి.

ఇక్కడ సైన్సు కొంచెం తెలుసుకుందాం. బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం ఉండదు. చిట్లిపోయిన కొనను ఏ నూనే అతికించలేదు. ప్రాణమంతా మాడు లోపల ఉండే కుదురులోనే. అక్కడి నుంచి వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడాదికి పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు. కాబట్టి జుట్టు బాగు చేసుకోవడం అంటే పాడైనదాన్ని మరమ్మతు చేయడం కాదు. కుదురును కాపాడుకుని కొత్తది వచ్చేదాకా ఓపిక పట్టడం. సారా ఈ పాఠాలు ఏ కాలేజీలోనూ వినలేదు. తన తలమీదే చూసి తెలుసుకుంది.

గంధకం, కొబ్బరి నూనె, ఓపిక

సెయింట్ లూయిస్‌లోనే యానీ టర్న్‌బో అనే నల్లజాతి వ్యాపారి ఉండేవారు. పెళ్ళయ్యాక ఆమె పేరు యానీ మలోన్. జుట్టు పెరగడానికి మందు తయారు చేసి ఇంటింటికీ తిరిగి అమ్మించేవారు. సారా ఆమె దగ్గర ఏజెంటుగా చేరారు. 1905లో ఆ పని మీదే డెన్వర్ నగరానికి వెళ్ళారు. అప్పటికి ఆమె వయసు 37. చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలర్లే అని చెప్తారు. అక్కడ వంటమనిషిగా చేస్తూ, మిగిలిన పొద్దులో తన సొంత మందు మీద కుస్తీ పట్టారు.

1906 జనవరిలో చార్లెస్ జోసెఫ్ వాకర్ అనే పత్రికా ప్రకటనల ఉద్యోగిని పెళ్ళి చేసుకున్నారు. అప్పటి నుంచి ఆమె మేడం సి.జె. వాకర్ అయ్యారు. తెల్లవాళ్ళు పనిమనుషులను వయసుతో పని లేకుండా పేరు పెట్టి పిలిచే రోజులవి. తన పేరుకు ముందు మేడం అని పెట్టుకోవడంలో గౌరవం అడిగి తీసుకోవడం కూడా ఉంది.

ఆమె మందులో ఉన్నవి పెట్రోలియం జెల్లీ, తేనెమైనం, కొబ్బరి నూనె, గంధకం, కొద్దిగా మైలుతుత్తం. గంధకం వాసన తెలియకుండా పూల పరిమళం కలిపేవారు. మాడు మీద పొరలు కట్టడాన్ని, బూజు తెగుళ్ళను గంధకం తగ్గిస్తుంది. ఈ మిశ్రమం తనకు కలలో దొరికిందని ఆమె చెప్పుకునేవారు. కానీ గంధకాన్ని తల జబ్బులకు వాడటం అంతకు ముందు నుంచీ ఉంది. యానీ మలోన్ అయితే తన మందునే కాపీ కొట్టారని ఆరోపించారు. ఇద్దరి మధ్య పోటీ చివరిదాకా సాగింది. యానీ కూడా తక్కువ మనిషి కాదు, ఆమె కూడా వేలమందికి పని చూపించారు. మేడం వాకర్ గురించి చెప్పేటప్పుడు ఆమెను మర్చిపోకూడదు.

డబ్బాలో మందు కంటే మేడం వాకర్ నేర్పిన పద్ధతి ముఖ్యమని మాకు అనిపిస్తుంది. ముందు తలను తరచుగా, శుభ్రంగా కడగాలి. మాడును వేళ్ళతో మర్దన చేయాలి. మందు రాయాలి. ఆ తర్వాతే దువ్వెన. ఇలా వారం వారం, నెల నెలా చేయాలి. తన జుట్టు ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా పెరిగిందో చూపించే ఫోటోలను ప్రకటనల్లో వేసుకున్నారు. ఊడిన జుట్టును దాచుకోకుండా నలుగురికీ చూపించడానికి ధైర్యం కావాలి.

ఆమె పద్ధతిలో వేడి చేసిన ఇనప దువ్వెన కూడా ఉంది. దానిని ఆమె కనిపెట్టారని కొందరు రాస్తారు, అది తప్పు. తెల్లవాళ్ళలా కనిపించాలని జుట్టు సాపు చేయిస్తున్నారని ఆమె మీద ఆనాడే విమర్శలు వచ్చాయి. సాపు చేయడం అనే మాటే ఆమెకు నచ్చేది కాదు. తన పని తలకు ఆరోగ్యం ఇవ్వడమేనని వాదించేవారు. అయినా వేడి దువ్వెన చాలామందికి అందం అంటే సాపు జుట్టే అన్న భావన కలిగించిందన్నది కాదనలేం. మన ఉంగరాల జుట్టును చూసి సిగ్గుపడే చెల్లెళ్ళు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

సంపాదన ఎవరికి పంచారు

1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో లీలియా కాలేజీ తెరిచి జుట్టు సంరక్షణ నేర్పించారు. 1910లో ఇండియానాపొలిస్‌కు మారి ఫ్యాక్టరీ పెట్టారు. పనిమనుషులుగా, చాకలి పనిలో ఉన్న వేలమంది స్త్రీలు ఆమె దగ్గర శిక్షణ పొంది సొంతంగా సంపాదించడం మొదలుపెట్టారు. 1912లో షికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగింది. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ అంతటి పెద్దమనిషి. ఆయన ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆమె తానే లేచి నిలబడ్డారు. పత్తి చేలల్లో మొదలై, బట్టల తొట్టి దగ్గరికి, అక్కడి నుంచి వంటగదికి, వంటగది నుంచి సొంత ఫ్యాక్టరీకి ఎలా వచ్చారో సభకు చెప్పారు. మరుసటి ఏడాది అదే సభకు ఆమెను వక్తగా పిలిచారు.

ఆ 1913లోనే మన అంబేద్కర్ గారు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చదువుకోవడానికి వెళ్ళారు. దాని పక్కనే ఉన్న హార్లెంలో అదే ఏడాది లీలియా తమ సంస్థ శాఖను తెరిచారు. మేడం వాకర్ 1916లో అక్కడికి మారారు.

1917లో తన ఏజెంట్ల మొదటి మహాసభను ఫిలడెల్ఫియాలో జరిపారు. ఎక్కువ అమ్మినవాళ్ళకే కాదు, దానధర్మాలు ఎక్కువ చేసినవాళ్ళకు కూడా బహుమతులిచ్చారు. ఆ ఏడాదే ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతివారి మీద ఘోరమైన దాడులు జరిగాయి. మూక హత్యలకు వ్యతిరేకంగా చట్టం కావాలని అడగడానికి ఆగస్టులో హార్లెం పెద్దలతో కలిసి అమెరికా అధ్యక్షుడి భవనానికి వెళ్ళారు. అధ్యక్షుడు విల్సన్ వాళ్ళను కలవలేదు. ఆమె వెనకడుగు వేయలేదు. చనిపోయే ముందు ఆ ఉద్యమానికి 5000 డాలర్లు ఇచ్చారు.

1919 మే 25న రక్తపోటు, మూత్రపిండాల జబ్బుతో 51 ఏళ్ళకే కన్నుమూశారు. పత్రికలు కోటీశ్వరురాలని రాసినా, లెక్క తేలిన ఆస్తి సుమారు 6 లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అది కూడా చాలా పెద్ద మొత్తమే. తర్వాత వచ్చే లాభాల్లో మూడింట రెండు వంతులు మంచి పనులకు వెళ్ళాలని వీలునామా రాశారు. 1998లో అమెరికా తపాలా శాఖ ఆమె పేరున స్టాంపు విడుదల చేసింది.

చెల్లెళ్ళకు నాలుగు మాటలు

ఈ జీవితం చదివాక మేము కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. ఎవరి దువ్వెన వాళ్ళదే. తలకు బట్టల సబ్బు వద్దు, దొరికితే కుంకుడుకాయ మంచిది. తడి జుట్టును లాగి బిగించి జడ వేయవద్దు. జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలితే భయపడవద్దు, చాలావరకు అదే తిరిగి వస్తుంది. రక్తం తక్కువగా ఉన్నా జుట్టు రాలుతుంది కాబట్టి ఆకుకూర, పప్పు, గుడ్డు పక్కన పెట్టవద్దు. తలమీద గుండ్రంగా మచ్చలు పడితే నూనెలు మార్చకుండా ప్రభుత్వాసుపత్రి డాక్టరుకు చూపించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సారా జుట్టును పాడు చేసింది ఆమె పుట్టుక కాదు, లేని కుళాయి. మన జుట్టు ఊడుతున్నా అది మన కులం వల్ల కాదు. బాత్‌రూంలో నీళ్ళు రావాలని, కాస్మెటిక్ చార్జీలు నెల నెలా అందాలని, మెనూలో రాసిన గుడ్డు పళ్ళెంలోకి రావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది కుదుళ్ళను బాగు చేసే పని. షికాగో సభలో ఆమె లేచినట్టు మనమూ లేచి అడగాలి. ఒకసారి అడిగితే రాకపోవచ్చు, మళ్ళీ అడగాలి. జుట్టు నెలకు సెంటీమీటరే పెరుగుతుంది, అయినా పెరుగుతుంది.

వచ్చే ఏడాది ఈ సంచిక అందుకునేసరికి మన చెల్లెళ్ళందరి జడలూ పన్నెండు సెంటీమీటర్లు పెరిగి ఉండాలని, కుళాయిల్లో నీళ్ళు వస్తూ ఉండాలని కోరుకుంటున్నాం.